కుందేలుకు నీళ్లు పెట్టకూడదన్న మాట నమ్మకండి: ఎండల్లో పెంపుడు కుందేళ్లను కాపాడుకోవడం గురించి

మీ రెండు కుందేళ్లు ఖమ్మంలో, మూడో అంతస్తు ఇంటి పడమటి బాల్కనీలో, ఇనుప బోనులో ఉంటున్నాయని రాశారు. అమ్మినతను "వీటికి నీళ్లు పెట్టకూడదు, ఆకుల్లో ఉన్న తడి చాలు, నీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుని చచ్చిపోతాయి" అని చెప్పడంతో ఇన్నాళ్లూ నీళ్లు పెట్టలేదన్నారు. వారం రోజులుగా వాటిలో ఒకటి మధ్యాహ్నం పూట కాళ్లు బార్లా చాపుకుని పడుకుంటోందని, మేత బాగా తగ్గించిందని చెప్పి, ఎంత నీరు పెట్టాలో, కూలర్ కొనాలో వద్దో, స్నానం చేయించవచ్చో లేదో అడిగారు. విజయవాడలో పదిహేనేళ్లకు పైగా కుందేళ్లను పెంచిన అనుభవాన్ని, వాటికి వైద్యం చేసిన డాక్టర్ల దగ్గర నేర్చుకున్న విషయాలను కలిపి సమాధానం ఇస్తున్నాను.

మిగతాది చదివే ముందు రెండు పనులు చేయండి. బోనును బాల్కనీలోంచి ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలోకి మార్చండి. ఒక వెడల్పాటి గిన్నెలో మంచినీళ్లు పోసి వాటి ముందు పెట్టండి. ఆ తర్వాత మేత తగ్గించిన కుందేలు కింద పడిన పెంటికలను పరిశీలించండి. అది పగలు సరిగా తినకపోయినా రాత్రి తింటూ, పెంటికలు మామూలుగా వేస్తూ ఉంటే దానికి ఎండ బాధిస్తోందని అర్థం, చోటు మార్చి నీరు పెడితే ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటుంది. పది పన్నెండు గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయడం ఆగిపోయినా తెల్లవారేదాకా చూద్దామని అనుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. కాళ్లు చాపుకుని పడుకోవడం మాత్రం దానంతటది జబ్బు లక్షణం కాదు, పొట్టను చల్లటి నేలకు ఆనించుకుని ఒంటి వేడి తగ్గించుకోవడానికి కుందేళ్లు అలా పడుకుంటాయి.

నీళ్లు పెట్టకూడదన్న మాట ఒక్క మీ ఊరి అమ్మకందారుడిది కాదు. సంతలో, రోడ్డు పక్కన, చాలా దుకాణాల్లో ఇదే మాట చెప్పి అమ్ముతున్నారు. అక్కడ అమ్మే పిల్లల్లో ఎక్కువ భాగం ఇంకా తల్లిపాలు తాగవలసిన వయసులో, మూడు నాలుగు వారాలకే తల్లి నుంచి విడదీసినవి. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండవలసిన పిల్లను అంత తొందరగా విడదీసి, దారి పొడుగునా బెదరగొట్టి, ఇంటికి తెచ్చీతేగానే గుప్పెడు క్యాబేజీ ఆకులు పెడితే దాని పేగులు తట్టుకోలేవు. దానికి తోడు ఇరుకు బోనుల్లో ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునే కాక్సీడియోసిస్ అనే పేగు జబ్బు ఉంటుంది. ఆ పిల్ల విరేచనాలతో చనిపోతే నింద నీళ్ల మీద పడుతుంది. నిజానికి విరేచనాలు పట్టుకున్న పిల్లకు నీటి అవసరం మరింత ఎక్కువ. ఈ ఒక్క అబద్ధం వల్ల మన దగ్గర ప్రతి వేసవిలో ఎన్ని కుందేళ్లు దాహంతో పోతున్నాయో తలచుకుంటే నాకు చాలా బాధ కలుగుతుంది. మీరు అడిగి తెలుసుకున్నారు కాబట్టి మీ దగ్గర ఈ పొరపాటు ఇక జరగదు.

కుందేలు మనలా చెమట పట్టించుకుని చల్లబడలేదు, కుక్కలా నాలుక బయటపెట్టి రొప్పుతూ వేడిని తగ్గించుకోవడం కూడా దానికి చేతకాదు. అది ఊపిరి పీల్చేది ముక్కుతోనే. ఒంట్లోని వేడిని బయటికి పంపడానికి దానికి ఉన్న ముఖ్యమైన సాధనం ఆ పొడవాటి చెవులే. ఎండ పెరిగినప్పుడు చెవుల్లోని రక్తనాళాలు ఉబ్బి, రక్తం చెవుల గుండా పారుతూ చల్లబడుతుంది. అయితే చుట్టూ ఉన్న గాలి ఒంటి కన్నా వేడిగా ఉన్నప్పుడు ఆ చెవులు కూడా ఏమీ చేయలేవు. కుందేలు మామూలు ఉష్ణోగ్రత 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. దానికి హాయిగా ఉండే గాలి 15 నుంచి 21 డిగ్రీలది. 28 దాటిన దగ్గర నుంచి దానికి ఇబ్బంది మొదలవుతుంది. ఖమ్మంలో మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు విషయమని మీకు తెలుసు. పడమటి బాల్కనీలో సాయంత్రం నాలుగు గంటలకు ఆ ఇనుప బోను ఊచలను చేత్తో పట్టుకుని చూడండి, ఆ కుందేలు ఏమి భరిస్తోందో అర్థమవుతుంది.

మన పొలాల్లో తిరిగే చెవులపిల్లి ఇదే ఎండలో బతుకుతోంది కదా, ఇవెందుకు బతకవు అని కొందరు అడుగుతారు. అది వేరే జంతువు, ఇది వేరే జంతువు. చెవులపిల్లి నేల మీదే, పొదల నీడలో పుట్టి పెరిగి ఈ ఎండలకు అలవాటుపడిన జీవి. మనం ఇళ్లలో పెంచుకునే కుందేళ్లకు మూలం స్పెయిన్, పోర్చుగల్ దేశాల ప్రాంతం. ఆ అడవి కుందేళ్లు ఎండ ముదిరితే నేల లోపల తవ్వుకున్న బొరియల్లోకి దూరి, పొద్దు వాలాక బయటికి వచ్చి మేస్తాయి. మన దేశంలో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ దక్షిణాదిలో కుందేళ్లను పెంచే కేంద్రాన్ని కొడైకెనాల్ దగ్గరి మన్నవనూరు కొండల్లో పెట్టింది, కుందేలుకు నప్పే వాతావరణం ఎలాంటిదో చెప్పడానికి ఆ చోటు పేరు చాలు. మనం ఇంట్లో బొరియను ఇవ్వలేకపోయినా బొరియలో ఉండే నీడను, చల్లదనాన్ని, నిశ్శబ్దాన్ని ఇవ్వగలం.

ఇక నీటి సంగతి. దాహం తీర్చడం కోసమే కుందేలుకు నీరు కావాలని చాలామంది అనుకుంటారు కానీ, దాని ప్రాణం ఎక్కువగా పేగుల మీద ఆధారపడి ఉంది, ఆ పేగులు నీటి మీద ఆధారపడి ఉన్నాయి. కుందేలు పొట్ట ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు, పేగుల కదలిక ఎప్పుడూ ఆగకూడదు. తిన్నది పడకపోతే కక్కేద్దామన్నా దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. ఎండ వల్ల మేత తగ్గినప్పుడు, నీరు కూడా చాలనప్పుడు, లోపల ఉన్న పీచు, అది ఒళ్లు నాకినప్పుడు మింగిన వెంట్రుకలు తేమ కోల్పోయి ముద్ద కట్టి ముందుకు కదలవు. గాలి చేరి పొట్ట ఉబ్బుతుంది, నొప్పి పుడుతుంది, నొప్పి వల్ల మేత ఇంకా తగ్గుతుంది. నేను చూసినంతలో నేరుగా వడదెబ్బ తగిలి చనిపోయిన కుందేళ్ల కన్నా, ఎండాకాలంలో ఇలా మెల్లగా మేత మానేసి చనిపోయినవే ఎక్కువ.

నీటికి సంబంధించిన మరో సంగతి చాలామందికి తెలియదు. మేతలోని సున్నాన్ని, అంటే కాల్షియంను, ఒంటికి ఎంత అవసరమో అంత మాత్రమే పేగు లోపలికి తీసుకోవడం మిగతా జంతువుల పద్ధతి. కుందేలు పేగు మాత్రం మేతలో ఉన్నదాన్ని దాదాపు అంతా రక్తంలోకి తీసుకుంటుంది, ఎక్కువైనది మూత్రపిండాల గుండా మూత్రంలోకి వెళ్లిపోతుంది. అందుకే కుందేలు మూత్రం ఆరిన చోట తెల్లటి పొడి కనిపిస్తుంది, కొద్దిగా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. నీరు చాలినంత తాగని కుందేలుకు ఈ సున్నం మూత్రాశయంలో పేరుకుని సుద్ద ముద్దలాగా, ఒక్కోసారి రాయిలాగా తయారవుతుంది. అప్పుడు మూత్రం పోయడానికి ముక్కుతూ, వెనుక భాగం తడిసిపోయి, పళ్లు గట్టిగా కొరుక్కుంటూ మూలకు చేరుతుంది. మునగాకు, లూసర్న్ గడ్డి మంచివని రోజూ పెట్టేవారు ఈ కారణంగానే పెద్ద కుందేళ్లకు వాటిని బాగా తగ్గించాలి.

ఎంత నీరు అంటే, కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్లు. మీవి రెండేసి కిలోలు ఉంటే ఒక్కోదానికి 100 నుంచి 300 మిల్లీలీటర్లు, ఎండాకాలంలో ఆ పై లెక్కకు దగ్గరగా. తాగినా తాగకపోయినా, గిన్నె మాత్రం రాత్రీ పగలూ నిండుగా ఉండాలి.

గిన్నె అని నొక్కి చెప్పడానికి నా ఇంట్లో జరిగిన ఒక సంఘటన కారణం. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో వెయ్యి మందికి పైగా మనుషులను బలిగొన్న వడగాడ్పులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అప్పటికి నా దగ్గర ఉన్న బూడిదరంగు ఆడ కుందేలు, చివర ఉక్కు గోళీ ఉన్న గొట్టం సీసాతో నీళ్లు తాగేది. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. ఆ గొట్టం చివర సన్నగా తెల్లటి పొర కట్టి గోళీ బిగుసుకుపోయిన సంగతి నేను గమనించలేదు. పొద్దున నింపిన సీసా సాయంత్రం కూడా నిండుగానే ఉంటే "ఈరోజు దీనికి దాహం లేదు" అనుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం అది గొట్టాన్ని నాకుతున్న చప్పుడు వినిపించి, దగ్గరికి వెళ్లి వేలితో గోళీని నొక్కితే అది కదలలేదు, ఒక్క చుక్క కూడా రాలలేదు. వెంటనే గిన్నెలో నీళ్లు పెడితే ఆగకుండా తాగింది, కానీ అప్పటికే పేగులు ఆగిపోయాయి, మూడో రోజు రాత్రి పోయింది. నిండుగా ఉన్న సీసాను చూసి నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

ఆ తర్వాత నా దగ్గర అన్నీ మట్టి మూకుళ్లలోనే తాగుతున్నాయి. సీసా, గిన్నె రెండూ పక్కపక్కన పెట్టి గమనించిన పరిశోధనల్లో కూడా కుందేళ్లు గిన్నెనే ఎక్కువగా ఎంచుకున్నాయి. తల వంచుకుని తాగడం వాటికి సహజం, ఒక్కో గుక్కకు ఎక్కువ నీరు అందుతుంది. మూకుడు బరువుగా, అడుగు వెడల్పుగా ఉండాలి, లేకపోతే పళ్లతో పట్టుకుని బోర్లిస్తాయి. మట్టి పాత్రలో నీరు చల్లగా ఉంటుంది, అయితే పాచి కూడా త్వరగా పడుతుంది కాబట్టి పూటకోసారి నీరు మార్చి, కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. చోట్లు మార్చి రెండు మూకుళ్లు పెట్టండి, ఒకటి ఒలికిపోయినా రెండోది ఉంటుంది. సరిగా తాగడం లేదనిపిస్తే రెండు రెబ్బల కొత్తిమీర లేదా పుదీనా నీళ్లలో వేయండి, వాసనకు వచ్చి తాగుతాయి. పంచదార, గ్లూకోజు పొడి కలపకండి, ఆ తీపికి సీకం అనే పెద్ద పేగు సంచిలోని మంచి సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. కొలిచి పోసి, మర్నాడు మిగిలింది కొలిస్తే ఎంత తాగుతున్నాయో నాలుగు రోజుల్లో మీకే తెలిసిపోతుంది.

చోటు విషయంలో మీరు పెట్టే శ్రద్ధ మీద ఎక్కువ ఫలితం ఉంటుంది. పై అంతస్తు అయితే శ్లాబు పగలంతా కాగి రాత్రి ఆ వేడిని వదులుతుంది, రేకుల షెడ్డు అయితే ఇక చెప్పనక్కర్లేదు. మీది మూడో అంతస్తు కాబట్టి తూర్పు లేదా ఉత్తరం వైపు గదిలో, కిటికీకి దూరంగా, నేల మీద ఉంచండి. బోను అడుగున ఒక పక్క తాండూరు బండ ముక్కనో, కడప బండ ముక్కనో వేయండి, అవి వాటి మీదే పడుకోవడం చూస్తారు. నోరు వెడల్పుగా ఉన్న పాత కుండను అడ్డంగా పడుకోబెట్టి, చుట్టూ గోనెపట్టా కప్పి, ఆ గోనెను తడుపుతూ ఉంటే ఇంట్లోనే చిన్న బొరియ తయారవుతుంది. వట్టివేళ్ల తడికలు దొరికితే కిటికీకి కట్టి తడపండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాల్లో నీళ్లు నింపి ఫ్రీజరులో గడ్డ కట్టించి, మందపాటి తువ్వాలు చుట్టి బోనులో ఒక మూల పెడితే, కరెంటు పోయిన మూడు నాలుగు గంటలు వాటికి అది పెద్ద ఆసరా. సీసాను కొరకకుండా మాత్రం చూసుకోండి.

కూలర్ కొనవచ్చా అంటే, ఖమ్మంలో ఎండ పొడిగా ఉన్న రోజుల్లో, కిటికీలు తెరిచి గాలి బయటికి పోయే వీలుంటే బాగా పనిచేస్తుంది. తలుపులన్నీ మూసి కూలర్ వేస్తే గదిలో తేమ పెరిగిపోయి, కుందేలు ఊపిరి ద్వారా వదలగలిగే కాస్త వేడి కూడా వదలలేదు. మచిలీపట్నం, కాకినాడ లాంటి తీరప్రాంతపు ఉక్కపోతలో అసలు పనికిరాదు. ఏసీ ఉంటే 25, 26 డిగ్రీల దగ్గర పెట్టి, గాలి నేరుగా తగలకుండా ఉంచండి. ఫ్యాను ఒక్కటే వేసి ఊరుకోకండి, చెమట పట్టని జంతువును ఫ్యాను గాలి పెద్దగా చల్లబరచదు. తడి గోనె మీదుగా వచ్చే ఫ్యాను గాలి, తడి చేసిన చెవుల మీద పడే ఫ్యాను గాలి మాత్రం ఉపయోగపడతాయి.

మేత వేళలు రాత్రికి మార్చండి. తెల్లవారుజామున, పొద్దు వాలాక తినడం కుందేలుకు సహజం. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఏడు దాకా పుష్కలంగా గడ్డి అందుబాటులో ఉంటే, పగలు మేత తగ్గినా లోటు రాదు. గడ్డే ప్రధాన ఆహారం కావాలి, పెల్లెట్ల దాణా రెండు కిలోల కుందేలుకు రెండు చెంచాలకు మించనవసరం లేదు. గరిక, నేపియర్, తిమోతి ఎండుగడ్డి ఏది దొరికితే అది పెట్టండి. ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా మంచివి, కడిగి నీళ్లు కారుతుండగానే పెడితే వాటితో పాటు ఎంతో కొంత నీరు లోపలికి వెళుతుంది. గోంగూర వద్దు, పాలకూర, తోటకూర ఎప్పుడైనా కొద్దిగా చాలు. కీరదోస రెండు చక్రాలు, పుచ్చకాయ తొక్క లోపలి తెల్లభాగం చిన్న ముక్క పెట్టవచ్చు. ఎర్రటి గుజ్జు, క్యారెట్ తీపి పదార్థాల కిందే లెక్క, బొటనవేలంత ముక్క మించకూడదు.

ఒంట్లో నీరు తగ్గిందేమో రోజూ చూసుకోవడానికి పెంటికలను మించిన గుర్తు లేదు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకు 200 నుంచి 300 దాకా వేస్తుంది. అవి శనగగింజంత ఉండి, వేళ్ల మధ్య నలిపితే గడ్డిపొడిలా విడిపోవాలి. మిరియాల్లా చిన్నవిగా, నల్లగా, గట్టిగా ఉన్నాయంటే నీరు చాలడం లేదని అర్థం. మెడ వెనుక చర్మాన్ని మెల్లగా పైకి లాగి వదిలితే వెంటనే యథాస్థానానికి రావాలి, నెమ్మదిగా దిగితే నీరు తగ్గినట్లే. చిగుళ్లు తడిగా జారుతూ ఉండాలి, వేలికి అంటుకోకూడదు.

వడదెబ్బ లక్షణాలు వేరు. చెవులు ఎర్రబడి కాలిపోతుంటాయి, ముక్కుపుటాలు ఎగసిపడతాయి, ముక్కు చుట్టూ, గడ్డం కింద తడిగా ఉంటుంది, లేచి నాలుగడుగులు వేస్తే తూలుతుంది. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే ప్రాణం మీదికి వచ్చిందన్న మాట. అప్పుడు చెవులను కుళాయి నీళ్లతో తడిపి, పొట్ట కింద, పాదాల కింద తడిబట్ట వేసి, ఫ్యాను కింద ఉంచి, డాక్టరుకు ఫోను చేయండి. ఐసు నీళ్లు వాడకండి, అతి చల్లదనానికి చెవుల్లోని రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే నిలిచిపోతుంది. బకెట్టులో ముంచకండి, ఆ అదురుకే గుండె ఆగవచ్చు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. తనంతట తాను తాగితేనే తాగనివ్వండి. కోలుకున్నట్లు కనిపించినా డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే లోపల పేగులకు, మూత్రపిండాలకు జరిగిన నష్టం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.

మన పశువైద్యశాలల్లో ఎక్కువగా గేదెలు, మేకలు, కుక్కలకు చికిత్స జరుగుతుంది, కుందేళ్లను చూసే అలవాటున్న డాక్టరు ఎవరో ఆపద రాకముందే తెలుసుకుని పెట్టుకోండి. వరంగల్ మామునూరు, హైదరాబాద్ రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి, మీకు మామునూరు కాస్త దూరమైనా వెళ్లదగినది. తీసుకువెళ్లేది తెల్లవారుజామునో, పొద్దు వాలాకో పెట్టుకోండి, తడి తువ్వాలు కప్పిన వెదురు బుట్టలో తీసుకువెళ్లండి.

చివరిగా స్నానం సంగతి. చేయించకండి. నీళ్లలో దించిన కుందేలు బెదిరి గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరగవచ్చు, అంత సున్నితమైన ఎముకలు దానివి. పైగా లోపలి ఉన్ని త్వరగా ఆరదు. దాని బదులు రోజూ సాయంత్రం దువ్వెనతో రాలే బొచ్చు తీసేయండి, తడి చేత్తో చెవులను నిమరండి. అలా దువ్వుతున్నప్పుడే తిరగేయకుండా, కొద్దిగా ముందుకు ఎత్తి తోక కింద చూడండి. అక్కడ మూత్రం, మెత్తటి పెంట అంటుకుని ఉంటే తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే ఈగలు గుడ్లు పెట్టి ఒక్క రోజులోనే పురుగులు పుట్టి మాంసాన్ని తొలిచేస్తాయి. మృగశిర కార్తె వచ్చి తొలకరి పడ్డాక ఈ ఈగల బెడద ఇంకా పెరుగుతుంది. గోమార్లు, పేలు కనిపించినా కుక్కలకు వాడే ఫిప్రోనిల్ మందును దుకాణంలో కొని కొట్టకండి, కుందేలుకు అది విషం. డాక్టరు బరువు చూసి ఇచ్చే మందే వేయించండి. ఈ రాత్రికి మేత తగ్గించిన కుందేలు ఎంత గడ్డి తిన్నదో, పొద్దున ఎన్ని పెంటికలు ఉన్నాయో చూసి రాయండి, దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చెబుతాను.